రెండు వందల పద్నాలుగు ఇడుపు కాయితాలు

ఉమారాణి పరిశోధన మొదలుపెట్టిన నాటికి ఆమె చేతిలో ఉన్న సరుకు ఇంత: న్యాయశాస్త్రంలో ఒక పీజీ పట్టా, కామారెడ్డి గంజ్‌లో బాపు బెల్లం దుకాణం నడిపిన అయిదేళ్ల అనుభవం, రెండు గోనె సంచుల నిండా పరాయివాళ్ల ఇడుపు కాయితాలు.

అలాంటి పట్టాలు ఆ ఏడు కాలేజీ ఇంకో ముప్పైమందికి ఇచ్చింది కాబట్టి దానికి పెద్దగా ధర లేదు. దుకాణం అనుభవం మాత్రం ఆ ముప్పైమందిలో ఎవరికీ లేదు. బాపు రాజయ్య పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు తమ్ముడు హరీష్ ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. ఇరవై ఏళ్ల ఉమారాణే పోయి గద్దె మీద కూర్చుంది. దిమ్మెను తిరగేసి అడుగు చూడకుండా ధర పలకకూడదని, ఎదుటివాడికి ఏం కావాలో తెలిసేదాకా మన దగ్గర ఏముందో బయటపెట్టకూడదని అక్కడే నేర్చుకుంది. బాపు లేచి నడిచాక దుకాణం అప్పజెప్పి చదువుకు తిరిగొచ్చింది.

ఇక సంచుల సంగతి. మొగుడూ పెళ్లాలు విడిపోవాలనుకుంటే ఆ వైపు ఊళ్లలో కోర్టుకు పోయేవాళ్లు తక్కువ. పెద్దమనుషులు కూర్చుంటారు, మాట తెగుతుంది, ఎవరో ఒకరు స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తారు, వేలిముద్రలు పడతాయి. అదే ఇడుపు కాయితం. ఎల్లారెడ్డిలో తహసీలు ఆఫీసు ముందు రేకుల షెడ్డు కింద కూర్చునే మైసన్న ముప్పై ఏళ్లుగా అవి రాస్తున్నాడు. రాసిన ప్రతిదానికీ కార్బన్ నకలు ఒకటి దాచేవాడు. రెండేళ్లకో నాలుగేళ్లకో ఎవరో ఒకరు వచ్చి, కాయితం ఎలుకలు కొట్టేసినయి, ఇంకోటి ఇయ్యమంటారు. అప్పుడు సంచి బోర్లించి పొద్దంతా వెతికేవాడు.

వాటిని చూడనిమ్మని ఉమారాణి అడిగితే మైసన్న ఒప్పుకోలేదు. పైసలిస్తానంటే ఇంకా బిగుసుకున్నాడు.

"పైసలు తీస్కుంటే అమ్ముకున్నట్టయితది బిడ్డా. మంది సంసారాలు అమ్ముకుంటానా నేను" అన్నాడు.

ఆమె వాదించలేదు. అతనికి ఏం కావాలో చూసింది. మరుసటి ఆదివారం ఒక లావు నోటుబుక్కు పట్టుకుని వచ్చి, అన్నిటికీ నంబర్లు వేసి ఏడాది ప్రకారం, ఇంటిపేరు ప్రకారం జాబితా రాసిస్తానంది. ఏ కాయితమైనా నిమిషంలో దొరుకుతుంది. బదులుగా తనను చదువుకోనివ్వాలి, జిరాక్సు తీసుకోనివ్వాలి, పేర్లు మాత్రం ఎక్కడా రాయదు. మైసన్న సంచుల మూతి విప్పాడు. ఎనిమిది నెలల ఆదివారాలు పట్టింది. మొత్తం రెండు వందల పద్నాలుగు తేలాయి.

ఉమారాణి అయిదు గళ్లు గీసుకుంది: ఏ ఊరు, ఏ ఏడు, ఆడమనిషి వయసు, విడిపోతానన్నది ఎవరు, ఆమెకు ఏం దక్కింది. చివరి గడి దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. నూట డెబ్బై ఒక్క కాయితాల్లో ఆడమనిషికి ఏమీ దక్కలేదు. పైగా ఇకమీదట భరణం అడగనని ఆమె చేతనే రాయించారు. ఆ లెక్క మీద ఉమారాణి ఒక వ్యాసం రాసింది. ఈ కాయితాలు చట్టం కంట విడాకులే కావు, వేలిముద్ర వేసిన ఆడది ఇంకా మొదటి మొగుడికే భార్య, ఇది భరణం ఎగ్గొట్టే ఉపాయం తప్ప ఆచారం కాదు అని తేల్చింది.

వ్యాసం నడిచింది. ఢిల్లీలో చదివారు, బెంగుళూరులో చదివారు, కుటుంబ చట్టాల పుస్తకాల్లో అడుగున చిన్న అక్షరాలతో ఆమె పేరు పడింది. దాని మీదే హైదరాబాదులో ఒక లా కాలేజీలో ఉద్యోగం, దాని మీదే డాక్టరేటు, దాని మీదే అసోసియేట్ ప్రొఫెసర్. స్టాఫ్ రూములోకి ఆమె అడుగుపెడితే, "మేడం వస్తున్నరు, పెండ్లి ముచ్చట్లు ఆపుండ్రి" అని ఒక పెద్దాయన పదేళ్ల పాటు ఒకే హాస్యం ఆడాడు. ఆమె కూడా పదేళ్ల పాటు నవ్వింది. నవ్వితే పోయేదేమీ లేదు, తన పని తనకు అవుతోంది.

ఇలా పదహారేళ్లు గడిచి ఆ ఒక్క వ్యాసం పుస్తకం కాబోతున్న వేళ, ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఇరవై రోజుల్లో పడ్డ వేళ, ఎల్లారెడ్డి నుంచి మాలతి ఫోను చేసింది.

మాలతి ఒకప్పుడు ఆమె విద్యార్థి. ఎల్లారెడ్డి పక్క లంబాడీ తండా పిల్ల, ఆ తండాలో నల్లకోటు వేసిన మొదటి మనిషి. తన చేతిలో గోరి అనే ఒకామె కేసు ఉందని చెప్పింది. గోరి మొదటి పెళ్లి నస్రుల్లాబాద్ వైపు తండాలో. అది పొసగక ఇరవై అయిదేళ్ల కింద ఇడుపు కాయితం అయింది. మరుసటి ఏడు సేవ్యాను చేసుకుంది. సేవ్యా కాలువ మీద లష్కరు, అంటే తూములు ఎత్తి దించి పొలాలకు నీళ్లు పంచే సర్కారు కొలువు. ఇరవై రెండేళ్ల కాపురం, పిల్లలు కలగలేదు. రెండేళ్ల కింద సేవ్యా తూము దగ్గరే కూలబడి చనిపోయాడు. గోరి పింఛనుకు పెట్టుకుంటే, సేవ్యా తమ్ముడు హరిచంద్ అడ్డం పడ్డాడు. ఆమెకు కోర్టు విడాకులు లేవు, మొదటి మొగుడు బతికే ఉన్నాడు, కాబట్టి మా అన్నకు ఆమె భార్యే కాదు అన్నాడు. భార్య ఎవరో కోర్టులో తేల్చుకుని రమ్మని ఆఫీసువాళ్లు ఫైలు మూసి పెట్టారు.

"హరిచంద్ తరఫున జాన్ సార్ వాదిస్తుండు మేడం. సాక్ష్యం కింద ఏం పెట్టిండో ఎర్కేనా" అంది మాలతి. "మీ వ్యాసం. పదకొండు పేజీలు, ఎర్రగీతలు కొట్టి. మీ కాడ నేను నేర్చుకున్నదే నాకు సదివి ఇనిపిస్తుండు."

ఉమారాణి ముందు తన వ్యాసం పక్షానే మాట్లాడింది. చట్టం అంటే చట్టమే కదా, ఒక మనిషిని చూసి మారదు కదా అంది. మాలతి మైసన్న దగ్గరున్న గోరి కాయితం నకలు ఫొటో తీసి పంపింది. మూలన పెన్సిలుతో ఎనభై ఎనిమిది అని ఉంది. ఆ అంకె తన దస్తూరీయే.

కాయితం కిందిదాకా చదివింది. ఆఖరి వాక్యం ఇలా ఉంది: 'తండా నాయకు సమక్షమున ఇదివరకే తెగతెంపులు అయినందున, గుర్తు కొరకు ఈ కాగితము రాసుకున్నాము.' నాయకు అంటే తండా పెద్ద. ఆ వాక్యం ఆమె అప్పుడూ చదివింది. రాసేవాళ్లు అలవాటుగా తగిలించే తోక అనుకుని వదిలేసింది. దానికి గడి గీయలేదు.

ఆదివారమంతా కూర్చుని తన దగ్గరున్న రెండు వందల పద్నాలుగు జిరాక్సులూ మళ్లీ తిరగేసింది. ఆ వాక్యం అరవై మూడింటిలో ఉంది, నూట యాభై ఒక్కటిలో లేదు. అరవై మూడూ తండాలవే. కానీ 'ఏ ఊరు' గడిలో ఒక్క తండా పేరూ లేదు. ఆ రోజుల్లో తండాలకు వేరే పంచాయతీలు లేవు, పక్కనున్న పెద్ద ఊరి కిందే లెక్క. మైసన్న ఆ పెద్ద ఊరి పేరే రాశాడు, ఆమె ఆ పేరే ఎక్కించుకుంది. రెడ్ల ఇంటి కాయితమూ తండా కాయితమూ ఒకే ఊరి కింద కలిసిపోయాయి.

కలిస్తే ఏమవుతుందో చట్టం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని ఆ చట్టం మొదటి పేజీల్లోనే ఉంది. లంబాడీలు ఆ జాబితాలో ఉన్నారు. వాళ్ల పెళ్లికీ విడుపుకీ వాళ్ల ఆచారమే కొలమానం. ఏటా జూలైలో మొదటి సంవత్సరం పిల్లలకు ఈ పాఠం చెప్పేది ఉమారాణే. పాఠం ఒక చేతిలో, కాయితాలు ఒక చేతిలో పెట్టుకుని పదహారేళ్లు నడిచింది, రెండు చేతులూ ఒకసారైనా కలపలేదు. మైసన్న అందరికీ ఒకే నమూనా వాడాడు. ఆమె అందరినీ ఒకే రాశిగా పోసింది. ఇప్పుడు ఆ రాశి కింద ఒకామె నలుగుతోంది.

సాక్ష్యానికి పదకొండో తారీఖు పడింది. ఇంటర్వ్యూ పద్దెనిమిదిన.

పదో తారీఖు పొద్దున కామారెడ్డిలో బస్సు దిగి ముందు గంజ్‌కు పోయింది. సారాకు వాడుతున్నారని నల్లబెల్లం మీద కట్టడి వచ్చాక ఆ వ్యాపారం పడిపోయి, దుకాణం నిండా ఇప్పుడు మక్కల సంచులే. లెక్కలు హరీష్ చూస్తున్నాడు, బాపు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బండ్లను చూస్తున్నాడు. ఉమారాణి జరిగింది జరిగినట్టు చెప్పింది. రాజయ్యకు చట్టం తెలియదు, సరుకు కలవడం తెలుసు.

"కలిసిన సరుకు ఇంకా గోదాంల ఉన్నదా, బయటవడ్డదా" అని అడిగాడు.

"పదహారేండ్ల కిందనే అమ్ముడువోయింది బాపూ."

హరీష్ కాలుక్యులేటరు పక్కన పెట్టి, "అక్కా, వాయిదా అడుగమను. వారం దినాల ముచ్చట. ఇంటర్వ్యూ అయినంక పొయ్యి ఎంత నిజం చెప్పాల్నో అంత చెప్పు" అన్నాడు. అది తప్పుడు సలహా కాదు. మాలతి అడిగితే వాయిదా వస్తుంది. కాకపోతే మధ్యలో వేసవి సెలవులు, కేసు మళ్లీ పిలుపుకు వచ్చేసరికి జూన్ దాటుతుంది. రెండేళ్లు ఆగిన మనిషి ఇంకో రెండు నెలలు ఆగలేదా అని బస్సులో ఉమారాణి కూడా అనుకుంది.

రాజయ్య కొడుకు మాట కొట్టెయ్యలేదు. "అడుగు. అడగొద్దని నేననను. మరి ఆ ఇంటర్వ్యూల నీ పుస్తకం గురించి అడుగుతరు గదా. ఏమని చెప్తవ్?"

ఉమారాణి ఎల్లారెడ్డి బస్సు టైము చూసుకుని లేచింది.

"నీ పేరు చెడతది" అన్నాడు రాజయ్య. "చెడదని నేనన్నా నువ్వు నమ్మవు, నేనూ నమ్మ. చెడినంక ఎంత మిగులుతదో అది చూసుకో."

తాడ్వాయి, లింగంపేట దాటి మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి చేరింది. మాలతి స్కూటీ మీద తండాకు తీసుకుపోయింది. గోరి ఇంటి ముందు గోనెపట్టా పరిచి మక్క కంకులు ఒలుస్తోంది. నలభై అయిదు దాటిన మనిషి, చేతులు మాటకు ఆగేవి కావు. మాలతి పరిచయం చేస్తే తలెత్తి చూసింది.

"నువ్వేనా అమ్మా, నా కాయితం సదివినామె?"

నేనేనంది ఉమారాణి.

"నాకు సదువు రాదు. నాకంటె ముందే నువ్వు సదివినవ్. ఏమున్నది దాంట్ల?"

ఉమారాణి నేల మీదే కూర్చుని కాయితం మొత్తం చదివి వినిపించింది. గోరి చివరిదాకా విని నవ్వింది. "గింతేనా. దీనికే మైసన్న కాడ పొద్దుగూకేదాక కూసోవడితిమి."

అసలు తెగింది అంతకు పదకొండు రోజుల ముందు, తండాలో, అని చెప్పింది. నాయకు రెండు పక్కలవాళ్లనూ కూర్చోబెట్టాడు. ఉంటవా పోతవా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ పోతాననే అంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెండి తను తీసుకుంది, వాళ్లు పెట్టిన రెండు మేకలు వాళ్లు తోలుకుపోయారు, అందరూ చాయ తాగి లేచారు. రేషను కార్డులో పేరు తీసేయించడానికి ఏదో ఒక కాగితం కావాలని వాళ్లు పట్టుబడితే అప్పుడు ఎల్లారెడ్డి పోయారు.

"మరి ఇందులో నీ భర్త నిన్ను విడిచినట్టు ఉంది" అంది ఉమారాణి.

గోరి చేతులు అప్పుడు ఆగాయి. "వాడేం ఇడుస్తడు. నేనిడిసిన వాణ్ణి. మైసన్న అందరికి గట్లనే రాస్తడు. నువ్వు గుడ నన్ను ఇడిసిపెట్టినామె కింద లెక్క రాసినవట గదా, మాలతి చెప్పింది. ఒక్కనాడన్న అచ్చి అడగకపోతివి."

ఉమారాణి మనసులో లెక్కేసుకుంది. ఎనిమిది నెలల ఆదివారాలు ఎల్లారెడ్డి వచ్చింది. షెడ్డు నుంచి ఈ తండా నాలుగు కిలోమీటర్లు.

సేవ్యా పేర ఉన్న ఎకరం పది గుంటల మాట వచ్చినప్పుడు గోరి చెయ్యి విదిలించింది. పిల్లలు లేకపోతే భూమి మొగుడి అన్నదమ్ములకు పోవడం తమలో ఎప్పటి నుంచో ఉన్నదే. అది హరిచంద్ కొడుకులది. దావాలో భూమి కూడా అడిగింది మాలతి, హిందూ వారసత్వం కింద వస్తే రానీ అని. "నాకు పింఛన్ గావాలె. ఆయన ఇరవై రెండేండ్లు తూము కాడ పన్నడు, నేను సద్ది మోసిన. ఇప్పుడు నేను ఆయన పెండ్లాన్ని గాదు, పెట్టుకున్నదాన్ని అని కాయితం మీద రాస్తరట. గది నేను ఊకోను."

తిరుగు దారిలో మాలతి స్కూటీ ఆపి ఒక జాగ్రత్త చెప్పింది. రేపు భూమి మాట ఎవరైనా ఎత్తితే, నా పరిశోధన విడాకుల మీదనే, వారసత్వం నాకు తెలియదు అనాలి. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఉమారాణి సరేననలేదు, కాదనలేదు.

పదకొండున కోర్టు హాల్లో ఫ్యాను ఒకటే తిరుగుతోంది. మాలతి అడిగిన ప్రశ్నలకు ఉమారాణి తయారై వచ్చిన జవాబులు చెప్పింది. అరవై మూడు తండా కాయితాలు, మొదటిది నలభై ఏళ్ల కిందిది, ప్రతిదాంట్లో నాయకు ముందు తెగిన తర్వాతే కాయితం రాసుకున్నామన్న మాట. ఇన్నేళ్లు ఇన్ని తండాల్లో ఒకే పద్ధతి నడిచిందంటే అది ఆచారమే. మైసన్న కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. అతని సాక్ష్యం కిందటి వాయిదాలోనే అయిపోయింది.

జాన్ అరవై దాటిన మనిషి, గొంతు పెంచడు. వ్యాసం ఆమె ముందు పెట్టి, రాసింది మీరేనా అని అడిగాడు. నేనేనంది.

"ఈ కాగితాల వెనుక నిరూపితమైన ఆచారం ఏదీ లేదని ఏడో పేజీలో రాశారు. అది నిజమా, తప్పా?"

"నూట యాభై ఒక్క కాగితాలకు అది ఇప్పటికీ నా అభిప్రాయం. అరవై మూడింటికి తప్పు."

"ఆ తప్పు పదహారేళ్లుగా దేశమంతా చదివింది కదా?"

"చదివింది."

"అప్పుడు లెక్క తప్పిన మనిషి ఇప్పుడు సరిగ్గా లెక్కపెట్టారని కోర్టు ఎందుకు నమ్మాలి?"

ఉమారాణి బల్ల మీది కట్ట చూపించింది. "నన్ను నమ్మక్కర్లేదు. నకళ్లు కోర్టు ముందున్నాయి. ఎవరు లెక్కపెట్టినా అరవై మూడే వస్తాయి."

న్యాయమూర్తి ఆ మాట రాసుకున్నారు. జాన్ కూర్చోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ లేచాడు. లేవడం చూసే ఉమారాణికి అర్థమైంది, అతను దాచిపెట్టుకున్న సరుకు ఇదేనని.

"అదే ఆచారం ప్రకారం, పిల్లలు లేని విధవకు భర్త భూమి వస్తుందా?"

మాలతి ఫైలులోంచి తల ఎత్తి ఆమెనే చూస్తోంది. నాకు తెలియదు అంటే సరిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. కానీ నిన్న గోరి నోటితో విన్నది. తండా విడుపు ఆచారం ప్రకారం చెల్లాలని తను అడుగుతోంది. భూమి దగ్గరకు వచ్చేసరికి ఆచారం తెలియదంటే, తనకు పనికొచ్చినంతవరకే ఆచారం అన్నట్టవుతుంది. అరవై మూడు కాయితాల లెక్క కూడా అప్పుడు అలాంటిదే అనిపిస్తుంది. ఎకరం పది గుంటలు నిలబెట్టబోతే ఆ పెళ్లే పడిపోవచ్చు.

"నేను విన్నంతవరకు రాదు. భర్త అన్నదమ్ములకు పోతుంది" అంది.

బయట చాయ బండి దగ్గర మాలతి గ్లాసు ముట్టలేదు. "ఎకరం పది గుంటలు మీ నోటితోని ఇచ్చేసినరు మేడం" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఆచారం ఆడదానికి అన్యాయం చేస్తదని మీరే గదా మాకు పాఠం చెప్పింది. కోర్టుల దాన్నే నిలబెడితిరి."

చేస్తుంది, అంది ఉమారాణి. అన్యాయమని రాయడం తన పని, అలాంటి ఆచారమే లేదని చెప్పడం కాదు. అంతకంటే మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాలేదు.

గోరి మిర్చి బజ్జీ తుంచుకుంటూ, "అబద్ధం చెప్పిస్తవా ఏందే ఆమెతోని, సదువు చెప్పిన పంతులమ్మతోని" అని మాలతినే కసిరింది. తర్వాత ఉమారాణి వైపు తిరిగి, "గట్ల ఒప్పుకునుడు నీకు నష్టమట గదా. మైసన్న చెప్పిండు" అంది.

నష్టమేనంది ఉమారాణి.

"ఎంత?"

ఇంకా తెలియదంది. గోరి తల ఊపి ఇంకో బజ్జీ తీసుకుంది.

అదే రాత్రి వ్యాసం అచ్చేసిన పత్రికకు సవరణ రాసి పంపింది. ఒక ప్రతిని ఇంటర్వ్యూ కమిటీకి కూడా ముందే అందజేసింది. వాళ్లే కనిపెట్టి అడిగేదాకా ఆగడం కంటే తానే చెప్పడం మేలనుకుంది. ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు మర్యాదగానే, మరి మీ పరిశోధనలో మిగిలిందెంత అని అడిగాడు. నూట యాభై ఒకటి, అంది. అందులో నూట ఇరవై మూడుమందికి ఇప్పటికీ ఏమీ దక్కలేదు, ఆ మాట మునుపటికంటే గట్టిగా నిలబడుతుంది అని వివరించింది. ఆయన తల పంకించాడు. పదవి వేరే ఒకరికి వచ్చింది. స్టాఫ్ రూము పెద్దాయన హాస్యం మార్చి, "మేడం లెక్కలు సరిచూసుకునే దాకా ఎవరూ విడిపోకుండ్రి" అన్నాడు. ఈసారి ఆమె నవ్వలేదు, అలాగని బాధా పడలేదు. హాస్యం మునుపటికంటే కొంచెం బాగుందనుకుంది.

సెలవులకు ముందే తీర్పు వచ్చింది. గోరి సేవ్యాకు భార్య. భూమి ఆచారం ప్రకారం హరిచంద్‌కు. అతను మాత్రం తీర్పు వినగానే నాయకు దగ్గర కూర్చుని, ఆమె ఉంటున్న ఇల్లు ఆమెదేనని, పొలం గట్టు మీది రెండు సీతాఫలం చెట్లు కూడా ఆమెవేనని ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఎవరూ అడగలేదు. పింఛను ఆగిన రెండేళ్లకూ కలిపి ఆగస్టులో పడింది.

మాలతి అయిదు నెలలు మాట్లాడలేదు. ఆరో నెలలో ఫోను చేసింది, అదీ పనికే. పక్క తాలూకా కోర్టులో ఒక తండా మగవాడు ఉమారాణి సాక్ష్యమే చూపించి, మాకు ఆచారం ప్రకారం ఎప్పుడో తెగిపోయింది, నేను భరణం ఇయ్య అంటున్నాడు. వాని పెండ్లాం తరఫున నేను నిలబడుతున్న, మీరేమంటరు అని అడిగింది. నాయకు ముందు ఆమెను మూడుసార్లు అడిగారా, ఆమె పోతానందా, ముందు అది తెలుసుకో అంది ఉమారాణి. తెలుసుకునే పనికి తానూ వస్తానంది. ఆ కేసు ఇంకా నడుస్తోంది. అది లాభం పక్కన రాసుకోవాలో నష్టం పక్కన రాసుకోవాలో తేలడానికి టైము పడుతుంది.

పుస్తకం రెండేళ్లు వెనక్కి పోయింది. ఒకటి కావలసింది రెండు భాగాలైంది. రెండో భాగం కోసం మైసన్న పాత నోటుబుక్కు పట్టుకుని ఉమారాణి సెలవు దొరికినప్పుడల్లా తండాలు తిరుగుతోంది. కొందరు చనిపోయారు, కొందరు చెరుకు కోతలకు పోయి అటే ఉండిపోయారు, ఒకామె తలుపు వేసుకుంది. ఇప్పటిదాకా కలిసినవాళ్లలో పదకొండుమంది, వాడు నన్ను ఇడువలేదు, నేనే ఇడిసిన అన్నారు. ఆరుగురు ఆ మాట అనలేదు, ఏడ్చారు. వాళ్లకు దక్కవలసింది ఆచారంలోనూ లేదు, కాయితంలోనూ లేదు.

దసరాకు కామారెడ్డి పోయినప్పుడు రాజయ్య, ఆఖరికి ఏం తేలిందని అడిగాడు. ఉమారాణి వేళ్లు మడుస్తూ చెప్పింది. ప్రొఫెసర్ పదవి పోయింది, మళ్లీ పడితే పడొచ్చు. పదహారేళ్ల పేరులో సగానికి గీటు పడింది. గోరి భూమి పోయింది, పింఛనూ ఇల్లూ నిలబడ్డాయి. ఆమెను సేవ్యా పెండ్లామని కోర్టు రాసిచ్చింది. మాలతి కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ఫోను మాత్రం చేస్తోంది.

"అవతలోళ్ల లెక్క చెప్పినవ్. నీకేం మిగిలింది?" అన్నాడు రాజయ్య.

"అరవై మూడుమందిల పదిహేడు మంది ఇండ్లకు తొవ్వ దొరికింది బాపూ" అంది.